మాటలకేం కొదవ!

పైథాన్ అనే కంప్యూటర్ భాష వాడేవాళ్ల సమాజంలో మాటామంతీ మెరుగుపడాలని బెంగళూరులోని మన తెలుగు ప్రోగ్రామర్లు గట్టిగా కోరుకుంటున్నారు. మారతహళ్లిలో ఏ ఆంధ్రా మెస్సులో కూర్చున్నా ఈ ఆవేదన చెవిన పడుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ సమాజంలో మాటలు తక్కువయ్యాయని కనిపెట్టిన మహానుభావుడెవరో చూపిస్తే, వెళ్లి దండం పెట్టి వస్తాను.

2018 సంగతి చూడండి. పైథాన్‌లో ఒక కొత్త గుర్తు చేర్చాలని పెప్ 572 అని ఒక ప్రతిపాదన. రెండు చుక్కలు, పక్కన సమానం గుర్తు. ఒక విలువకు పేరు పెడుతూనే దాన్ని అక్కడికక్కడే వాడుకోవచ్చు, అంతే. తల పక్కకి వాల్చి చూస్తే వాల్రస్ అనే సముద్ర జంతువు కళ్లూ దంతాల్లా ఉందని, ఆ పేరే ముద్దుపేరుగా కూడా పెట్టారు. ఆ గుర్తు ఉండాలా వద్దా అని పండితులు ఎంతలా కొట్టుకున్నారంటే, భాషను పుట్టించిన గైడో వాన్ రోసమ్ దాన్ని ఆమోదించి, ఆ జులైలోనే పెత్తనం వదిలేసి తప్పుకున్నాడు. ఆయన బిరుదు ‘జీవితకాలపు దయగల నియంత’. జీవితకాలపు పదవికే రాజీనామా చేయించిన వాళ్లకి మాట్లాడటం రాదంటే ఎలా? ఇప్పుడాయన స్థానంలో ఐదుగురి మండలి ఉంది. అంటే, అలిగి వెళ్లిపోయే సౌకర్యం ఐదింతలైంది.

వినడంలో మాత్రం చిన్న ఇబ్బంది. పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబరులో. పాత పైథాన్ 2కి మద్దతు 2015తో చెల్లు అన్నారు, జాలిపడి 2020 జనవరి 1 దాకా పొడిగించారు. గడువు దాటాక మా ఆఫీసులో ఒక పెద్దాయన, “ముందే ఒక మాట చెప్పాల్సింది కదండీ” అన్నాడు. పాపం, పదకొండేళ్లు ఏం సరిపోతాయి! ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సింది.

ఇక మనవాళ్లు. మెస్సులో గోంగూర కలుపుతూ, “ఒరేయ్, ఖాళీ లిస్టు ఇస్తే ఆ ఫంక్షన్ పడిపోతుందిరా” అని మూడో ముద్దకే తేల్చేస్తారు. అది నిజం కూడా. అదే ముక్క పైథాన్ నడిపేవాళ్లకి రాసి పంపమంటే ఇంగ్లీషులో ఏం తప్పు దొర్లుతుందోనని టెన్షన్. ఒక బొటనవేలు బొమ్మ పెట్టి పడుకుంటారు. ఆ మౌనాన్ని అక్కడి పెద్దలు అంగీకారం కింద రాసుకుంటారు. వేసవిలో కాలిఫోర్నియావాళ్లు పొద్దున పదింటికి మీటింగ్ పెడితే మనకి రాత్రి పదిన్నర. “ఎవరికైనా అభ్యంతరమా?” అని అడిగేసరికి, అభ్యంతరం ఉన్నవాడు గురక పెడుతుంటాడు.

అందుకే మొన్న ఇక్కడి మిత్రబృందానికి రెండు సూచనలు చేశాను. చుక్కల మీద అభిప్రాయం చెప్పదలిచినవారు ముందుగా కోడ్ ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ ఒక పేజీ రాసి తేవాలి. కొత్తవాళ్ల కోడ్‌ని చెత్త అనదలిస్తే, వాళ్ల పేరు చివర ‘గారు’ తగిలించాలి. రెండోది ఏకగ్రీవంగా నెగ్గింది. మొదటిదాన్ని పరిశీలించడానికి కమిటీ వేశారు.

కమిటీ వచ్చే శనివారం కూర్చుంటుంది. టీషర్టు రంగు మీద చర్చ భోజనాల దాకా. కొత్తగా చేరిన అమ్మాయి ఎప్పుడో సంక్రాంతికి పంపిన ప్యాచ్, అంటే కోడ్ సవరణ, సంగతి, టైమ్ మిగిలితే.