డబ్బు పోతే బంధువులు పోతారన్నది తప్పు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ నెలకోసారైనా తిరుగుతుంది. డబ్బుంటేనే బంధువులనీ, అప్పిస్తే బంధం తెగుతుందనీ, ముందుచూపు లేకే పేదవాడు పేదవాడయ్యాడనీ, మనిషి ఏం చేసినా డబ్బు కోసమేననీ దాని సారం. పోయిన వారం దాన్ని పెట్టింది మా పెదనాన్న కొడుకు. ఆయన ఒప్పుకున్నాకే ఈ జవాబు రాస్తున్నాను.

మొదటి మాట చూద్దాం. అన్నయ్య గుంటూరు దగ్గర కౌలుకు మిర్చి వేస్తాడు. 2025 మొదట్లో ధర ఎంతగా పడిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కౌలు, మందులు, కోత కూలి పోగా అన్నయ్యకు మిగిలింది అప్పే. ఆ ఏడాది మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కు ఆయన రాలేదు. మేం వదిలేశామని ఆయన అనుకున్నాడు గానీ, ఫోన్ ఎత్తనిది ఆయనే. ఇంటికెళ్లి అడిగితే, "చదివింపుల దగ్గర ఏం రాయించమంటావురా?" అన్నాడు. వాళ్లమ్మాయి పెళ్లికి మేం 5,116 రాయించాం. తిరిగి 500 రాయించడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. పైగా మైకులో పేరూ, ఊరూ, మొత్తమూ చదువుతారాయె.

డబ్బు చూసి చేరేవాళ్లు లేరనను. కానీ చాలా ఇళ్లలో దూరం పెంచేది బంధువుల ఆశ కాదు, లేనివాడి సిగ్గు. పిలిస్తే ఇబ్బంది పెట్టినట్టవుతుందేమోనని అవతలివాళ్లూ పిలవడం మానేస్తారు. ఇద్దరికీ ప్రేమ ఉండగానే రాకపోకలు ఆగిపోతాయి.

అప్పు సంగతి. మన డ్వాక్రా గ్రూపుల్లో ఒకే వీధి ఆడవాళ్లు పదిమందీ పొదుపు చేసుకుని, ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు. వడ్డీ, వాయిదా పుస్తకంలో ఉంటాయి. "ఉన్నప్పుడు ఇద్దువులే" అని ఇచ్చేసి, మూడో నెల నుంచి మనసులో లెక్కపెట్టుకునే అప్పే మనుషుల్ని విడదీస్తుంది.

పేదవాడికి ముందుచూపు లేదన్న మాట నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పరీక్షించి 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆలోచనా పరీక్షల్లో వెనకబడ్డ రైతులే, కోత డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. మనిషి అతనే, బుర్రా అదే. టెన్షన్ తగ్గింది, అంతే. మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) లెక్క నోటితో చెప్పే అన్నయ్య, ఆ వేసవిలో నూటికి మూడు రూపాయల వడ్డీ కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టాడు.

ఇక అంతా డబ్బు కోసమేనా? ఇజ్రాయెల్‌లోని హైఫాలో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆరు శిశు సంరక్షణ కేంద్రాలు జరిమానా పెట్టి చూశాయి. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. డబ్బు కట్టేస్తున్నాం కదా అని మొహమాటం పోయింది. జరిమానా ఎత్తేశాక కూడా అది తిరిగి రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా చెల్లెలు కింది వాటా వాళ్లను నాలుగు రోజులు తన ఇంట్లో ఉంచుకుంది. వాళ్లు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తీసుకుంటే అది అద్దె అయ్యేది.

వచ్చే నెల మా గృహప్రవేశం. చదివింపుల బల్ల వేయడం లేదు, మైకూ లేదు. నిన్న మా ఆవిడ వెళ్లి వదినకు బొట్టు పెట్టి పిలిచింది. అన్నయ్య ముందురోజే వచ్చి వంటల దగ్గర ఉంటానన్నాడు.