నిండని ట్యాంకు మహిమ

సెప్టిక్ ట్యాంకుల తనిఖీకి మున్సిపాలిటీ వాళ్లు వస్తున్నారనగానే ఇంటి యజమానుల నోట ఒకటే మాట: "మా ట్యాంకు కట్టించి ఇరవై ఏళ్లయింది సార్, ఇంతవరకు ఒక్కసారి కూడా నిండలేదు." ఆ మాట అనేటప్పుడు ముఖంలో వెలుగు చూడాలి. కొడుక్కి ఫస్ట్ ర్యాంకు వచ్చినా అంత వెలగదు.

ఇంటిల్లిపాదీ ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు నాగా పెట్టకుండా సమర్పించుకున్నదంతా ఎక్కడికి పోయినట్టు? మోక్షం పొందిందా? నిజానికి సరిగ్గా కట్టిన ట్యాంకు వాడకం మొదలైన కొన్నాళ్లకే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అడుగున మడ్డి, పైన తెట్టు, మధ్యలో నీరు. కొత్తగా ఎంత వస్తే అంత నీరు అవతలి గొట్టంలోంచి ఇంకుడు గుంతకు పోతుంది. మడ్డిని సూక్ష్మజీవులు కొంత తింటాయి, మొత్తం తినవు. అందుకే మామూలుగా మూడు నుంచి అయిదేళ్లకోసారి తోడించమంటారు. నీటిమట్టం ఆ గొట్టం కంటే కిందికి దిగిందంటే ట్యాంకు కారుతున్నట్టు. అసలు నిండనే లేదంటే దానికి అడుగే వేయలేదేమో చూసుకోవాలి. మేస్త్రీ మిగిల్చిన ఆ సిమెంటే ఇంతటి మహిమకు మూలం!

ఇక తనిఖీ ఘట్టం. ఇన్‌స్పెక్టర్ గారు ఫైలుతో వేంచేస్తారు.

"మూత ఎక్కడండీ?"

"ఇక్కడే ఎక్కడో ఉండాలి సార్. పైన టైల్స్ వేయించాం."

ఆయన టైల్స్ మీద నిలబడి బూటుతో రెండుసార్లు తడతారు. ట్యాంకు అభ్యంతరం చెప్పదు. 'మడ్డి లోతు' అన్న గడిలో 'వర్తించదు' అని రాస్తారు.

"చివరిసారి ఎప్పుడు తోడించారు?"

"ఆ అవసరమే రాలేదు సార్!"

"అదృష్టవంతులు. బోరు ఎక్కడ?"

"ఆ పక్కనే. దూరమైతే పైపుల ఖర్చు కదా."

"తెలివైన పని."

టైల్స్‌కు ఫొటో తీసి, లొకేషన్‌తో సహా అప్‌లోడ్ చేసి, 'సంతృప్తికరం' అని సంతకం పెట్టేస్తారు. తాగునీటి రక్షణ పూర్తయింది. పక్కింటి మూత మీద పూలకుండీలున్నాయి కాబట్టి అక్కడ బూటు కూడా అక్కర్లేదు.

మూత తీసి, కొసకు తెల్లగుడ్డ చుట్టిన పొడవాటి కర్రను అడుగుదాకా దింపితే, నల్లబడ్డ మేర ఎంతో అంత మడ్డి. ఫ్లష్‌లో పరీక్ష రంగు కలిపి కొన్నాళ్లు కనిపెడితే, అది బావిలో తేలుతుందో లేదో తెలుస్తుంది. కానీ ఇవన్నీ చేస్తే నిజం తెలిసిపోయే ప్రమాదం ఉంది.

పైపైన చూసి బాగుందనడం పాత విద్యే. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లు తాగి, కలరాతో ఆ చుట్టుపక్కల 600 మందికి పైగా పోయారు. ఆ పంపు కింది బావిని లోపలినుంచి చూసినవాళ్లు ఇటుకల్లో పగులేమీ లేదన్నారు. మరుసటి ఏడాది తవ్వితే, మూడడుగుల దూరం కూడా లేకుండా పక్కింటి మలగుంట బయటపడింది. ఇటుకలు వదులైపోయి అది బావిలోకి ఊరుతోంది. జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసింది ఆ గుంటలోనే.

"మేం కాచుకునే తాగుతామండీ" అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి, మలమూత్రాల నుంచి నీళ్లలోకి చేరే నైట్రేట్ అనే లవణం చావదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దానికి రంగూ రుచీ ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. అది మితిమీరిన నీళ్లతో పాలపొడి కలిపి పడితే, నెలల పసికందు రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారొచ్చు. బూటుతో తట్టి సంతకం పెట్టేవాడికి, అది చూసి మురిసిపోయేవాడికి ఇది తెలియదా? తెలియకపోతే తెలుసుకోవడానికి ఏం రోగం?

పైగా, మూత తీయమంటే "ఇది మా ప్రైవేటు స్థలం, తొంగిచూసే హక్కు మీకెవరిచ్చారు?" అని మీదికి లేస్తారు. మీ ప్రహరీ గోడ నేల కింద ఎంత లోతుకు ఉంది స్వామీ? దాని కిందనుంచి జారి ఎదురింటి చంటిపాప పాలసీసాలోకి చేరేది ఎవరి ప్రైవేటు ఆస్తి?