నమూనా సంగతి తేల్చకుండా రిపోర్టును నమ్మడమెలా?

కూరగాయల్లో పురుగుమందుల అవశేషాల మాట వచ్చినప్పుడల్లా అందరూ ఖరీదైన యంత్రాల గురించి, ల్యాబుకున్న గుర్తింపు గురించి మాట్లాడతారు గానీ, ఆ యంత్రంలోకి వెళ్లిన నమూనాను ఎవరు, ఎక్కడ, ఎలా తీశారని అడిగేవారు అరుదు. నా దృష్టిలో మొదట అడగవలసింది అదే. అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించకూడదనే పరిమితి అంటే 100 టన్నుల సరుకులో ఒక్క గ్రాము మందు. అంత సూక్ష్మమైన లెక్క తేల్చవలసిన చోటికి నాలుగు టమాటాలను క్యారీబ్యాగులో వేసి పంపి, వచ్చిన అంకెను వాట్సాప్‌లో తిప్పడం నాకు మింగుడుపడదు.

ఆహార ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం ల్యాబుకు పంపే నమూనాలో 25 నుంచి 250 గ్రాముల బరువుండే కాయలైతే కనీసం 10 ఉండాలి, మొత్తం కిలోకు తగ్గకూడదు. అంతకు మించినవైతే కనీసం 5 కాయలు, 2 కిలోలు. ఇది ఛాదస్తం కాదు. పిచికారీ తుంపర ఒక కాయ మీద నేరుగా పడుతుంది, ఆకు చాటునున్న పక్క కాయ తప్పించుకుంటుంది. గుంటూరు యార్డులో 100కు మించి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్న లాటు నుంచి మిర్చి తీస్తే కనీసం 10 టిక్కీలలోంచి తీయాలి. పై వరుసలో చేతికందిన గుప్పెడు తీస్తే ఆ ఫలితం ఆ గుప్పెడుకే చెల్లుతుంది, లాటుకు కాదు.

ఇక కడగడం. "మేము కడుక్కునే తింటాం కదా, కడిగి పంపితే తప్పేమిటి?" అంటారు. అవశేష పరిమితిని మార్కెట్లో అమ్మే సరుకుకు నిర్ణయించారు, మన కంచంలోని ముక్కకు కాదు. అందుకే అరటిపండును తొక్కతోనే పరీక్షిస్తారు. మామిడికాయలో టెంక తీసేసినా దాని బరువును లెక్కలో కలుపుతారు. అది మరిచిపోతే అదే కాయలో అవశేషం ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుంది. పాపం, ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది రైతు.

ల్యాబులో పరీక్షకు తీసుకునేది చాలా పద్ధతుల్లో 10 గ్రాములే. కిలో సరుకు ఏకరీతిగా నలగకపోతే ఆ 10 గ్రాముల్లో తొక్క ఎక్కువ పడవచ్చు, గుజ్జు ఎక్కువ పడవచ్చు. మామూలు మిక్సీలో తిప్పితే వేడికి డైక్లోర్వాస్ వంటి ఆవిరయ్యే మందులు ఎగిరిపోతాయి. క్లోరోథలోనిల్, కాప్టాన్ వంటివి కాయ రసం తగిలి విరిగిపోతాయి. అందుకే ముక్కలను ముందే గడ్డకట్టించి, పొడి మంచుతో (డ్రై ఐస్‌తో) కలిపి రుబ్బడం మేలు.

మాంకోజెబ్ విషయం మరీ తిరకాసు. మన మామిడి, మిర్చి, ద్రాక్ష తోటల్లో విరివిగా కొట్టే ఈ శిలీంధ్రనాశిని, కాయను మెత్తగా రుబ్బగానే క్షీణించడం మొదలుపెడుతుంది. పైగా వందల మందులను ఒకేసారి వెతికే పరీక్షలో ఇది దొరకదు. రుబ్బని ముక్కలను వేరుగా తీసి, ఆమ్లంతో వేడిచేసి, వెలువడే కార్బన్ డైసల్ఫైడును కొలవాలి. ఆ పరీక్షే చేయని రిపోర్టును చూపి "మా పంటలో మందుల జాడే లేదు" అని డబ్బా మీద అచ్చువేసే వ్యాపారులకు నేను అడిగేది ఒక్కటే: ఎన్ని కాయలు, ఎంత బరువు, ఏ భాగం తీసేశారు, ఎలా రుబ్బారు, ఏయే మందులను వెతికారు అన్న వివరాలను కూడా ఆ డబ్బా మీదే అచ్చువేయండి.