కార్డు సంగతి తర్వాత, ముందు డబ్బా మూత తీయండి

ఈ నెలలో ఇది నాలుగో మెసేజ్. "అన్నా, పాత కంప్యూటర్‌కి మంచి గ్రాఫిక్స్ కార్డు చెప్పు, బడ్జెట్ పది వేలు." అంతే. గ్రాఫిక్స్ కార్డంటే తెర మీద బొమ్మల పని చూసే భాగం, అది కంప్యూటర్‌ని బట్టి ఉంటుంది. వీళ్లేమో ఏ కంప్యూటరో చెప్పరు, ఎన్నేళ్లదో చెప్పరు. గట్టిగా అడిగితే "బ్లాక్ కలర్ సీపీయూ అన్నా" అంటారు. కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టమంటే టైలర్ ఊరుకుంటాడా?

వెక్కిరిస్తున్నాను గానీ, రెండు నెలల కింద మా ఇంట్లోనూ ఇదే కథ. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ ఫస్టియర్. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానంటాడు, గేములకేనని నాకూ తెలుసు, వాళ్లమ్మకూ తెలుసు. వాడి దగ్గరున్నది ఏదో ఆఫీసు వదిలించుకున్న సన్న డబ్బా. 2013 నాటి ఐ5-4570 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు. సెకండ్ హ్యాండ్‌లో 9,500కి కొన్నాం. వీడు నాకు చెప్పకుండా ఏరియాలో ఒక షాపుకెళ్లి, రెండు ఫ్యాన్ల కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. షాపతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్నట: బడ్జెట్ ఎంత?

రాత్రి పదింటికి బోడుప్పల్‌లో అక్కావాళ్ల హాల్లో నేల మీద కూర్చుని మూత విప్పాం. దుమ్ముకి ముందు వాడు తుమ్మాడు, తర్వాత నేను. ఫోన్ టార్చ్ వేసి ఎస్ఎంపీఎస్ (డబ్బా మొత్తానికి కరెంటిచ్చే పెట్టె) స్టిక్కర్ చదివితే మొత్తం 240 వాట్లు. వైర్లు ఒక్కొక్కటే లాగి చూశాను. బోర్డుకి వెళ్లేవి, హార్డ్ డిస్క్‌కి వెళ్లే సాటా ప్లగ్గులు, అయిపోయాయి. కార్డు నెత్తిన అదనపు కరెంటు కోసం ఉన్న సిక్స్ పిన్ సాకెట్‌కి పెట్టడానికి ఏమీ లేదు. కార్డుని బోర్డు మీద దాన్ని గుచ్చే స్లాట్ దగ్గర నిలబెట్టి చూస్తే సగం కార్డు డబ్బా బయటే ఉంది. వాడి మొహం చూడలేకపోయాను.

షాపుకి ఫోన్ చేస్తే ఆయన తడుముకోలేదు. "ఏం కాదు సార్, సాటా నుంచి సిక్స్ పిన్‌కి కన్వర్టర్ ఇస్తాం. ఎత్తు ఎక్కువైతే మూత తీసి వాడుకోండి."

నా కడుపుమంటంతా ఈ కన్వర్టర్ మీదే. సిక్స్ పిన్ అంటే 75 వాట్లు లాగే హక్కున్న సాకెట్. సాటా ప్లగ్గులో 12 వోల్టులకున్నవి మూడు పిన్నులు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్. అంటే 54 వాట్లు, అంతే. దాని మీద 75 మోపితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, తర్వాత వాసనొస్తుంది, ఆ తర్వాత మీ అదృష్టం. ఇంట్లో గీజర్‌ని సెల్ ఛార్జర్ ప్లగ్గులో పెట్టనివాళ్లు ఇది మాత్రం నిశ్చింతగా పెడతారు.

పాత ఆఫీసు డబ్బాలకి నా మాట ఒక్కటే. విడిగా కరెంటు వైరు అడగని కార్డే కొనండి. కార్డు గుచ్చే ఆ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తనే 75 వాట్ల దాకా ఇస్తుంది. కొన్ని సన్న డబ్బాల్లో అంతకన్నా తక్కువే అని మాన్యువల్‌లో రాసుంటుంది, అదీ చూసుకోండి. జీటీఎక్స్ 1650 ఆ 75లో నడుస్తుంది. కానీ అదే పేరుతో సిక్స్ పిన్ ఉన్న మోడళ్లూ ఉన్నాయి కాబట్టి పెట్టె మీద పేరు కాదు, కార్డు అంచు చూడాలి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీది 70 వాట్లు, మంచిదే. కానీ 9,500 డబ్బాలో దానికి దాదాపు రెట్టింపు ఖరీదు కార్డు పెట్టడానికి నాకు చేతులు రావు.

"మరి ఆర్‌ఎక్స్ 6400 అన్నా? 53 వాట్లే కదా?" అని మీరు అడిగేలోపే చెప్తున్నాను. ఆ కార్డు స్లాట్‌లో వాడుకునేది నాలుగు లేన్లే, అంటే డేటా వెళ్లే దారులు నాలుగే. కొత్త బోర్డులో నాలుగో తరం స్లాట్ కాబట్టి సెకనుకి దాదాపు 8 జీబీ డేటా వెళ్తుంది. హెచ్81లో ఉన్నది రెండో తరం, అందులో అదే నాలుగు లేన్లకి 2 జీబీ. కార్డులోని 4 జీబీ మెమరీ నిండి, మిగతా డేటా ఈ ఇరుకు దారిలో రావాల్సొస్తే ఆట నత్తనడకే. 1650 పదహారు లేన్లూ వాడుతుంది కాబట్టి పాత బోర్డులోనూ 8 జీబీ దక్కుతుంది. యూట్యూబ్‌లో కొత్త బోర్డు మీద పెట్టి చూపించిన ఎఫ్‌పీఎస్‌లు (సెకనుకి ఎన్ని ఫ్రేములో) మీ ఇంట్లో రావు బాబూ.

ఇక జీటీ 1030 కార్డు. ఒకే పేరు, మెమరీని బట్టి రెండు రకాలు. జీడీడీఆర్5 ఉన్నదాని మెమరీ వేగం సెకనుకి 48 జీబీ, డీడీఆర్4 ఉన్నదానిది 17 జీబీ కూడా లేదు. నన్నడిగితే దీన్ని మోసమనే అంటాను. అంతకన్నా బలహీనమైన జీటీ 710 గురించి మాట్లాడి టైం పాడుచేసుకోను.

శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మన సీటీసీకి వెళ్లాను, అదే, చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఓ మూల చిన్న కౌంటర్‌లో పెద్దాయన. కార్డు కావాలనగానే "ఎస్ఎంపీఎస్ ఫోటో ఉందా బేటా?" అన్నాడు. కాళ్లకి దండం పెట్టాలనిపించింది. ఫోటో చూసి, పొట్టి క్లిప్పున్న లో ప్రొఫైల్ (సన్న డబ్బాల్లో పట్టే పొట్టి రకం) 1650, సెకండ్ హ్యాండ్‌ది తీశాడు. "బయోస్ (బోర్డుని నడిపే మొదటి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశారా? కొన్ని పాత బోర్డుల్లో కార్డు పెట్టగానే బ్లాక్ స్క్రీన్ వస్తుంది" అని ముందే హెచ్చరించి, తన టేబుల్ మీద అరగంట నడిపి చూపించాకే డబ్బు తీసుకున్నాడు. 6,500. ఇంకో 8 జీబీ ర్యామ్ కూడా వేయించాను, నాలుగు కోర్ల ప్రాసెసర్ నుంచి అంతకుమించి ఆశించొద్దని వాడికి అక్కడే చెప్పాను.

ఇంటికొచ్చి పెడితే ఇంకో తమాషా. అక్కావాళ్ల మానిటర్‌కి వీజీఏ (పాతకాలం వీడియో సాకెట్) ఒక్కటే ఉంది, కొత్త కార్డుకి వీజీఏ లేనే లేదు. మళ్లీ బండి తీసి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి కన్వర్టర్ కొనుక్కొచ్చాను. అవును, కన్వర్టరే. ఇది మాత్రం కాలదు లెండి.

మొదటి కార్డు ఆ షాపువాళ్లు వెనక్కి తీసుకున్నారు గానీ డబ్బు ఇవ్వలేదు, వాళ్ల దగ్గరే వేరే వస్తువు కొనుక్కోమని క్రెడిట్ నోట్ చేతిలో పెట్టారు. అది ఇంకా నా పర్సులోనే ఉంది. కీబోర్డో మౌసో కొనేవాళ్లుంటే ఇన్‌బాక్స్‌కి రండి.