చింతచెట్టు కింద గేట్ల లెక్క

ఏటా సెప్టెంబర్ 28న ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని పాత చింతచెట్టు దగ్గర కొద్దిమంది చేరతారు. 1908లో మూసీ పొంగినప్పుడు ఆ కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికి బయటపడ్డారు. చెట్టుకు దండం పెట్టి, నాలుగు మాటలు చెప్పుకొని ఎవరిదారిన వారు వెళ్లిపోతారు. పక్కనే చీటీ పట్టుకుని ఓపీకి పరుగెత్తేవాళ్లకు ఆ గుంపు ఎందుకో కూడా తెలియదు. పౌర సంఘాలు, చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లు ఇన్నేళ్లుగా ఆ రోజును నిలబెట్టుకొస్తున్నందుకు మెచ్చుకోవాల్సిందే. నగరం తరఫున ఆ పని చేయాల్సినవాళ్లు మాత్రం అక్కడ కనిపించరు.

పాతబస్తీ పెద్దలు ఆ వరదను ‘తుగ్యానీ సితంబర్’ అనేవారు. మృతులు 15 వేల వరకు ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. కవి అమ్జద్ హైదరాబాదీ ఒక్క పూటలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలారు. వాన కుండపోతగా కురిసిన మాట నిజమే. కానీ అంతటి ముప్పు ఒక్క వానతో రాలేదు. మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అదీ తెగింది. ఆ నీళ్లన్నీ కలిసి ఊరి మీదికొచ్చాయి.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ లెక్క కట్టే, ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. వరదను అక్కడ ఆపి, కిందికి మెల్లగా వదలాలన్నది ఆయన ఆలోచన. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తర్వాత మనకు అవి తాగునీటి చెరువులుగానే గుర్తుండిపోయాయి. గండిపేట నిండిందంటే సంబరం, కట్ట మీద సెల్ఫీలు. నిండిన చెరువులో వరదకు చోటెక్కడుంటుందని అడిగేవాళ్లు తక్కువ.

2025 సెప్టెంబర్ 26 రాత్రి ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. సంస్మరణకు సరిగ్గా రెండు రోజుల ముందు. జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో మూసీ మధ్యలో కట్టిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. దసరాకు ఊరెళ్దామని వచ్చినవాళ్లు సంచులు నెత్తిన పెట్టుకుని, తాడు పట్టుకుని బయటపడ్డారు. చాదర్‌ఘాట్ దగ్గరి బస్తీల్లో ఇళ్లు మునిగాయి. నది ఒడ్డున ఉండటమే వాళ్ల తప్పన్నట్టు మాట్లాడేవాళ్లు అప్పుడూ ఉన్నారు. అదే నది మధ్యలో బస్టాండ్ కట్టినవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అందుకే ఈ రోజును పూలదండలకు వదిలేయొద్దని మా అభిప్రాయం. సెప్టెంబర్ 28ని ప్రభుత్వం నగరం తరఫున జరపాలి. ఆ ఏడాది రెండు జలాశయాల్లో ఏ రోజు ఎంత నీరుంది, గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఎన్ని గంటల ముందు ఏ బస్తీకి కబురందింది, ఏ చెరువు అలుగు పూడుకుపోయింది, ఏ నాలా మీద కొత్తగా స్లాబు పడింది, ఇవన్నీ ఆ రోజు జనం ముందు చదవాలి. మూసీ సుందరీకరణ మోడళ్లు చూపించడానికి వేరే రోజులు బోలెడున్నాయి. 1908లోనూ 2025లోనూ నీళ్లెక్కడిదాకా వచ్చాయో వంతెనల స్తంభాల మీద, బస్ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద రంగుతో గీతలు గీయించాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు, పెయింటరూ నిచ్చెనా చాలు.

వచ్చే సెప్టెంబర్‌లో జలమండలి, నీటిపారుదల శాఖ, జీహెచ్ఎంసీ అధికారులు ఫైళ్లతో సహా ఆ చింతచెట్టు కిందికి రావాలి. ముందు వరుస కుర్చీలు చాదర్‌ఘాట్ దగ్గరి ముంపు బస్తీలైన మూసానగర్, శంకర్‌నగర్ వాళ్లకు వదలాలి.