ఆసుపత్రి వైఫై గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వైఫై గారి దివ్యసముఖానికి, మా పిన్ని తరఫున రాయునది ఏమనగా...

నిన్న మధ్యాహ్నం తమరు మళ్లీ పడుకున్నారు. "సర్వర్ డౌన్" అని కౌంటర్ అమ్మాయి ఒక్క ముక్క అని ఫోన్‌లోకి తలదించేసింది. డయాలసిస్ మిషన్ రెడీ, మంచం రెడీ, మనిషి రెడీ. తమరి కోసం అందరం కూర్చున్నాం. సరే, శ్రీకాకుళంలో ఇది అలవాటే.

తమరు లేచాక వేలిముద్ర అడిగారు. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ జీడినూనెకి మా పిన్ని వేళ్ల మీద గీతలే అరిగిపోయాయి. మిషన్ ఆవిణ్ణి ఒప్పుకోలేదు. అయితే ఓటీపీ చెప్పమన్నారు. ఆ ఫోను కవిటిలో తమ్ముడి దగ్గరుంది. పోనీ 14 అంకెల ఆభా నంబరైనా, అదే ఆ ఆరోగ్య ఖాతా నంబరైనా చెప్పమన్నారు. తను తనేనని నిరూపించుకోడానికి ఉద్దానం మనిషికి ఇన్ని పరీక్షలు. మంచిదే, భద్రత ముఖ్యం కదా!

మరి కౌంటర్ పక్కన గోడమీద ఆ కాగితమేంటి స్వామీ? కట్లు కట్టే తెల్ల ప్లాస్టర్‌తో అంటించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆసుపత్రి పేరు, దాని వెనక 123. తమరి పాస్‌వర్డ్! కనపడదేమోనని కింద రెండు గీతలు కూడానూ. టీ కొట్టు కుర్రాడు దాంతోనే క్రికెట్ చూస్తున్నాడు, చూడనివ్వండి పాపం. కానీ పిన్ని ఆధార్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులు ఉన్న కౌంటర్ కంప్యూటర్ కూడా అదే వైఫై మీద నడుస్తోందట. అడిగితే మీ కంప్యూటర్ అబ్బాయే గొప్పగా చెప్పాడు.

2017లో వన్నాక్రై అనే కంప్యూటర్ వైరస్ దెబ్బకి బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకి రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళమేసి డబ్బడిగే వైరస్, తగిలితే రోజుల తరబడి అన్నీ చేత్తో రాసుకున్నారు. అక్కడ దొంగలు కాస్తయినా కష్టపడ్డారు. తమరు తాళంచెవి గోడకి తగిలించి పడుకున్నారు.

త్వరలో సెలైన్ పంపులూ, మంచాలూ కూడా వైర్‌లెస్ చేస్తారట. 2030 నాటికి 6జీ అని ఢిల్లీ వాళ్లు కూడా చెప్పారు. రానివ్వండి. కానీ పిన్నికి మందు ఎంత స్పీడులో ఎక్కాలో కూడా ఆ 123 మీదే నడిపిస్తారా? సిగ్గు లేదూ? వచ్చేపోయే జనానికి ఒక వైఫై, రికార్డులకీ మిషన్లకీ వేరొకటి. ఇదేం బ్రహ్మవిద్య కాదే!

ఉండబట్టలేక ఆ కాగితం పీకబోయాను. సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"అది ముట్టకండి బాబూ, మళ్లీ అందరూ నన్నే అడుగుతారు."