“ఇప్పుడే” అంటే ఎప్పుడు?

ఆపద వేళ సోషల్ మీడియాలోనే వార్త ముందు అందుతుందని ఒకరు రాశారు. ఒప్పుకుంటా. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు మిద్దెలెక్కిన జనం వీడియోలు చూసే మాకు సంగతి తెలిసింది. రెండ్రోజులకు వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది, పోతననగర్ వైపు. మా హన్మకొండ గ్రూపులోనేమో ఊరంతా కొట్టుకుపోతోందని వాయిస్ మెసేజ్‌లు! మా అత్తమ్మ బియ్యం బస్తా అటకెక్కించింది, ఎవరు చెప్పినా వినలే. అన్ని మెసేజ్‌లలోనూ “ఇప్పుడే అందిన వార్త” అనే ఉంటది, టైం ఉండదు. పొద్దున్నది రాత్రికి మళ్లీ తిరిగొస్తది. హెచ్చరిక పెట్టేవాళ్లు గంట, వాడ పేరు, ఎటు పోవాలో రాస్తే సగం గోల తగ్గుతది. అయినా మోరంచవాగు మోరంచపల్లి మీద పడ్డది తెల్లారకముందే. ఆ వేళ ఫోన్ చూసేదెవరు? పంచాయతీ మైకే దిక్కు, అదీ కరెంటుంటే.